నీటి కింది దారులను ఆయుధాలు అనవచ్చా?

ఎండగట్టిన చిత్తడి నేలలను మళ్ళీ తడిపి సరిహద్దు రక్షణకు వాడుకోవాలన్న ఆలోచన ఇప్పుడు తూర్పు యూరప్‌లో బలంగా వినిపిస్తోంది. దాని గురించి కొంతకాలంగా దొరికినవన్నీ చదువుతున్నాను. అలాంటి వ్యాసాలలో చాలావాటిలో ఎక్కడో ఒకచోట లిథువేనియాలోని కూల్‌గ్రిందల ప్రస్తావన వస్తుంది. ఊబిలో రాళ్ళూ దుంగలూ పరిచి, నీటిమట్టానికి కాస్త దిగువన, ఒడ్డున నిలబడి చూసేవాడికి ఏమాత్రం ఆనవాలు తెలియకుండా వేసిన దారిని అక్కడివాళ్ళు కూల్‌గ్రింద అంటారు. జాడ తెలిసినవాడు నీళ్ళలో నడుచుకుంటూ అవతలికి చేరతాడు, తెలియనివాడు పక్కకు అడుగు వేస్తే దిగబడిపోతాడు. ఆ ప్రస్తావన ప్రతిసారీ ఒకే విధంగా ముగుస్తుంది: ఇవి ఆ కాలపు రహస్య ఆయుధాలనీ, ఇనుప కవచాల సైన్యాన్ని ఒక చిన్న జాతి ఈ యుక్తితో ఓడించిందనీ రాస్తారు.

ఈ ముగింపుతో నాకు పేచీ ఉంది. ఆ దారులు రక్షణకు పనికొచ్చాయన్నది నిజమే. అయితే వాటిని ఆయుధాలు అనగానే వాటిని వేసినవాళ్ళు, ఏటా మరమ్మతు చేసినవాళ్ళు, పశువులను తోలుకుంటూ వాటి మీద నడిచినవాళ్ళు కథలోంచి తప్పుకొని, వారి స్థానంలో ఎవరో వ్యూహకర్త వచ్చి కూర్చుంటాడు. నా అభిప్రాయంలో శత్రువును ఆపింది చిత్తడి నేల. దారి ఆ చిత్తడిలో బతకడానికి ఊరు చేసుకున్న ఏర్పాటు. రహస్యం రాళ్ళలో లేదు, ఆ ఊరి మనుషుల మధ్య ఉన్న నమ్మకంలో ఉంది. ఈ మూడింటినీ కలిపేసి ఒక్క మాటలో చెప్పడం వల్ల చరిత్ర తప్పుగా అర్థమవుతుంది. అంతకంటే నన్ను కలవరపెట్టేది, ఇప్పుడు తీసుకుంటున్న నిర్ణయాలు కూడా ఆ తప్పు అర్థం మీదే నిలబడబోతున్నాయన్నది.

రాళ్ళు మోసినదెవరు

ఈ దారులకు పేరుపడిన ప్రాంతం లిథువేనియా పశ్చిమ భాగంలోని జెమైతియా. వర్నియై పట్టణ పరిసరాల్లోని సియేతువా చిత్తడిలో ఉన్న కూల్‌గ్రింద వీటిలో బాగా ప్రసిద్ధమైనది. హిమానీనదాలు కరిగి వెనక్కి పోతూ వదిలేసిన గుండ్రాళ్ళతో నిండిన నేల అది. చలికాలంలో మట్టి గడ్డకట్టి ఉబ్బినప్పుడల్లా లోపలి రాళ్ళు కొద్దికొద్దిగా పైకి వస్తాయి కాబట్టి అక్కడి రైతు ప్రతి వసంతంలోనూ పొలంలో కొత్త రాళ్ళు ఏరవలసిందే. నాగలికి అడ్డం వచ్చే ఆ రాళ్ళను ఎక్కడో ఒకచోట పోయక తప్పదు. బరువైన రాళ్ళను ఊబి మధ్యకు చేర్చడం మామూలు రోజుల్లో అసాధ్యం. నీరు గడ్డకట్టిన తర్వాత స్లెడ్జి బండి మీద లాక్కుపోవడం తేలిక. మంచు మీద కొమ్మలూ దుంగలూ పరిచి, వాటిపైన రాళ్ళు పేరిస్తే, మంచు కరిగినప్పుడు మొత్తం వరస ఉన్నచోటనే కిందికి దిగి కూర్చుంటుంది. ఈ దారులను ఇలాగే వేసేవారని చెబుతారు. ఆ పనికి కావలసినవన్నీ రైతు ఇంట్లో ఉన్నవే: గుర్రం, స్లెడ్జి, గొడ్డలి, పొలం పనులు లేని చలికాలపు తీరిక.

ఇంకో సంగతి కూడా గమనించాలి. 13వ శతాబ్దం మొదట్లో అక్కడ ఒకే రాజు, ఒకే ఖజానా ఉండేవి కావు. 1219లో పొరుగు రాజ్యమైన గాలిసియా-వోలినియాతో జరిగిన సంధిలో లిథువేనియా తరఫున ఏకంగా 21 మంది నాయకుల పేర్లు కనిపిస్తాయి. వారిలో జెమైతియావారు ఇద్దరు. లిథువేనియాకు తొలి రాజైన మిందౌగాస్‌కు పట్టాభిషేకం జరిగింది 1253లో. ఆ తర్వాత కూడా జెమైతియా చాలావరకు తన పెద్దల మాటే వింది. కాబట్టి రాజధాని నుంచి ఆజ్ఞ వచ్చి, కొలతలు నిర్ణయమై, కూలి చెల్లించి వేయించిన సైనిక మార్గాలుగా వీటిని ఊహించుకోవడం కష్టం. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళవాళ్ళు కలిసి వేసుకున్న దారులుగా చూస్తేనే ఆ నేలకూ ఆ కాలానికీ పొసగుతుంది.

చలికాలం వేసే ప్రశ్న

ఆయుధ సిద్ధాంతానికి అసలు ఇబ్బంది చలికాలంతో వస్తుంది. జెమైతియాకు దక్షిణాన ప్రష్యాలోనూ, ఉత్తరాన లివోనియాలోనూ జర్మన్ క్రైస్తవ యోధుల సైనిక సంఘాలు పాతుకుపోయాయి. రెండింటి మధ్య అడ్డుగా ఉన్నది ఈ ప్రాంతమే. దీన్ని లొంగదీసుకుంటే రెండు రాజ్యాలూ నేలమార్గంలో కలిసిపోతాయి. అందుకోసం వాటిలో ఒకటైన ట్యూటనిక్ సంఘం తరతరాలుగా దండెత్తింది. ఆ దండయాత్రలకు ఏటా రెండు అదనులు ఉండేవి. వేసవి చివర్లో పెద్ద సైన్యంతో, నదుల మీద పడవల్లో సామగ్రి చేరవేసుకుంటూ వచ్చేవారు. నడిచలికాలంలో వేగంగా వచ్చి, ఊళ్ళు తగలబెట్టి, మనుషులనూ పశువులనూ పట్టుకొని వేగంగా వెనక్కి పోయేవారు. చలికాలాన్ని ఎంచుకున్నది ఊబి గడ్డకడుతుందనే. గడ్డకట్టిన ఊబి మీద గుర్రానికి ఎటు వెళ్ళినా దారే.

అంటే ఏటా దోపిడీ దండు వచ్చే కాలంలోనే నీటి కింది రహస్య మార్గానికి రక్షణ విలువ దాదాపు ఉండదు. శత్రువుకు చిత్తడి అంతా రహదారి అయినప్పుడు, దాని అడుగున ఎక్కడ రాళ్ళున్నాయో తెలియకపోతే అతడికి వచ్చే నష్టం ఏమిటి? ఈ దారులను ప్రధానంగా యుద్ధం కోసమే వేసి ఉంటే, యుద్ధానికి అంతగా అక్కరకు రాని దాని మీద ఇంత శ్రమ ఎందుకు పోసినట్టు? అదే ఊరి అవసరాల వైపు నుంచి చూస్తే లెక్క సరిపోతుంది. మంచు కరిగే మార్చి, ఏప్రిల్ నెలల్లోనూ, శరదృతువు వానల్లోనూ అక్కడ ఊరికీ ఊరికీ మధ్య రాకపోకలు తెగిపోతాయి. చిత్తడి మధ్యలోని దిబ్బ మీద గడ్డి కోసుకోవాలన్నా, పశువులను అవతలి మేతకు తోలాలన్నా, పెళ్ళికో చావుకో వెళ్ళాలన్నా కాలు మోపడానికి గట్టి చోటు కావాలి.

ఈ వాదనకు నేనే ఒక అభ్యంతరం చెప్పుకోవాలి. చిత్తడి ఎప్పుడూ ఒకేలా గడ్డకట్టదు. మందంగా పేరుకున్న మంచు కంబళిలా కప్పడం వల్ల కింది నీరు గడ్డకట్టకుండా ఉండిపోతుంది, ఊటలున్న చోట పైపొర పలుచగా ఉంటుంది. చలి తగ్గిన ఏడాది సంఘంవాళ్ళు దండయాత్రను మానుకోవలసి వచ్చేది, లేదా మధ్యలోనే వెనుదిరగవలసి వచ్చేది. మెత్తటి శీతాకాలం రావడమే జెమైతియాకు గొప్ప మేలు. అలాంటి సందు దొరికిన ప్రతిసారీ గట్టి నేల ఎక్కడుందో తెలిసినవాడిదే పైచేయి. కాబట్టి దారికి రక్షణలో పాత్ర లేదని నేను అనడం లేదు. శత్రువుకు దొరికే రోజులను తగ్గించింది చిత్తడి, ఆ తగ్గిన రోజుల అంచుల్లో సాయపడింది దారి. ఆ క్రమాన్ని తిరగవేయకూడదన్నదే నా పట్టుదల.

సౌలే యుద్ధం దీనికి మంచి ఉదాహరణ. 1236 సెప్టెంబరు 22న, లివోనియా ఖడ్గ సోదరుల సంఘం జెమైతియాను దోచుకొని తిరిగి వెళ్తుండగా ఒక రేవు దగ్గర స్థానికులు అడ్డగించారు. ముందురోజు సాయంత్రమే దిగి పోరాడి దాటేద్దామంటే, ఈ బురదలో గుర్రాలను పోగొట్టుకుంటామని కొందరు యోధులు నిరాకరించారని ఆనాటి వృత్తాంతం చెబుతుంది. తెల్లవారేసరికి ఆలస్యమైపోయింది. సంఘాధిపతి వోల్క్విన్ అక్కడే చనిపోయాడు. మరుసటి ఏడాది ఆ సంఘం విడిగా నిలవలేక ట్యూటనిక్ సంఘంలో కలిసిపోయింది. అంతటి విజయంలో నీటి కింది దారి ఊసే లేదు. తేలికగా కదిలే మనుషులు, బరువైన గుర్రాలు, తడి నేల, వచ్చినవాళ్ళు ఏ రేవున దాటుతారో తెలిసి ఉండటం సరిపోయాయి.

దాచారా, కుంగిందా

కనబడకుండా ఉండటమే ఉద్దేశానికి రుజువు అని వాదించేవాళ్ళుంటారు. దాచాలని లేకపోతే నీటికి పైన వేయవచ్చు కదా అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. అయితే ఊబి మీద ఏది వేసినా కుంగుతుంది. ఐర్లండ్‌లో లాంగ్‌ఫర్డ్ ప్రాంతంలోని కోర్లీ దగ్గర క్రీ.పూ. 148 ప్రాంతంలో ఓక్ పలకలతో వేసిన దారి ఒకటి పీట్ (చిత్తడిలో కుళ్ళిన మొక్కలు పేరుకొని ఏర్పడే మట్టి) తవ్వకాల్లో 1984లో బయటపడింది. బండ్లు నడిచేంత వెడల్పుతో, ఎంతో కలపతో, పైకి బాహాటంగా కనబడేలా వేసిన దారి అది. దాచాలన్న ఉద్దేశం దానిలో ఎక్కడా లేదు. పదేళ్ళు తిరిగేలోపే తన బరువుకు తానే కిందికి దిగిపోయింది. చెక్కే అంత త్వరగా మునిగితే రాయి సంగతి చెప్పనక్కరలేదు. అడుగున దుంగల పరుపు లేకుండా, కొన్నేళ్ళకొకసారి పైన కొత్త రాళ్ళు పోయకుండా ఏ కూల్‌గ్రిందా నిలిచి ఉండదు. నీటి కింద ఉండటం కొంతవరకు నేల స్వభావం. దాన్ని మరీ పైకి లేపకుండా వదిలేయడం మాత్రం మనుషులు తెలిసి చేసిన ఎంపిక అయి ఉండవచ్చు.

వంకరటింకరగా ఉండటాన్ని కూడా శత్రువును తికమకపెట్టే పన్నాగంగానే చెబుతారు. చిత్తడిలో తిన్నగా దారి వేయడం ఎవరికీ సాధ్యం కాదు. కాస్త గట్టిగా ఉన్న చోటు నుంచి మరో గట్టి చోటుకు, ఆల్డర్ చెట్ల వేళ్ళు అల్లుకున్న దిబ్బ నుంచి మరో దిబ్బకు పోవలసిందే. ఆ మలుపులు కొత్తవాడికి ప్రాణాంతకం అవుతాయన్నది వాటి ఫలితం. ఫలితాన్ని చూసి ఉద్దేశాన్ని నిర్ణయించడం చరిత్రలో మనం తరచుగా చేసే పని, ఈ విషయంలో మరీ ఎక్కువగా చేస్తున్నాం.

మా మేనమామ సైన్యంలో ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఈ వాదనంతా ఆయనకు వినిపించాను. ఓపికగా విని, "ఊరివాళ్ళు రోజూ వాడుకున్నంత మాత్రాన అది రక్షణ ఏర్పాటు కాకుండా పోతుందా? కోటలో బావి నీళ్ళు మామూలు రోజుల్లో ఊరంతా తోడుకుంటుంది. ముట్టడి వచ్చినప్పుడు ఆ బావే కోటను నిలబెడుతుంది" అన్నారు. తర్వాత ఇంకో మాట కూడా చెప్పారు. కాపలా లేని అడ్డంకి అడ్డంకే కాదట. ఎంత పెద్ద కందకమైనా అవతల చూసే కళ్ళు లేకపోతే శత్రువు తీరికగా పూడ్చుకొని దాటుతాడు. అందువల్ల ఊబినీ, దారినీ, దాన్ని కనిపెట్టుకొని ఉన్న మనుషులనూ విడివిడిగా తూకం వేయవద్దని ఆయన సలహా.

ఆయన మొదటి మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అది బలమైన మాట. కానీ రెండో మాట నా వాదననే బలపరుస్తోందని ఆయనతోనే అన్నాను. కాపలా కాసేవాళ్ళు ఎవరు? ఆ దారిన రోజూ నడిచేవాళ్ళే. నడక ఆగిన దారికి మరమ్మతు ఉండదు, కాపలా ఉండదు, కొన్నాళ్ళకు దాని జాడ తెలిసినవాళ్ళూ ఉండరు. ఊరి అవసరం ముందు లేకపోతే యుద్ధకాలంలో చేతికి అందడానికి అక్కడ ఏమీ మిగలదు. ఆయన కాదనలేదు, అలాగని ఔననీ అనలేదు.

శత్రువు రాసుకున్న దారులు

1384 నుంచి 1402 వరకు ట్యూటనిక్ సంఘం ప్రష్యా నుంచి లిథువేనియాలోకి వెళ్ళే దారుల వివరాలను జర్మన్ భాషలో రాయించి పెట్టుకుంది. వంద మార్గాల వర్ణన అది. ఇక్కడి నుంచి అక్కడికి ఎన్ని మైళ్ళు, రాత్రి మకాం ఎక్కడ వేయాలి, గుర్రాలకు గడ్డీ నీరూ ఎక్కడ దొరుకుతాయి, ఎక్కడ అడవి నరికి దారి చేసుకోవాలి, ఎక్కడ వంతెన కట్టుకోవాలి అని ఒక్కొక్క మజిలీ వరసగా చెబుతుంది. ఆ వివరాలు చెప్పిన దారిచూపేవాళ్ళ పేర్లు కూడా చాలాచోట్ల ఉన్నాయి. వారిలో సంఘానికి అప్పటికే లొంగిపోయిన ప్రష్యన్లున్నారు, ఈ నేలలోనే పుట్టి పెరిగినవాళ్ళూ ఉన్నారు.

కూల్‌గ్రిందల గురించి మాట్లాడేటప్పుడు ఈ పత్రాలను ఎందుకు పక్కన పెడతారో నాకు బోధపడదు. రహస్యం ఎలా నిలుస్తుందో, ఎలా బయటికి పోతుందో చెప్పే సాక్ష్యం ఇదే. శత్రువు ఊబిలో కర్రలు గుచ్చుకుంటూ దారులు కనిపెట్టలేదు, మనిషిని పట్టుకొని అడిగాడు. కొందరు బందీలై చెప్పి ఉంటారు, కొందరు డబ్బుకు, కొందరు పగతో చెప్పి ఉంటారు. ఆ రోజుల్లో ఎవరు ఎటువైపో అంత తేలికగా తేలేది కూడా కాదు. లిథువేనియా చరిత్రలోనే మహావీరుడిగా కొలిచే వీతౌతాస్ సింహాసనం కోసం జరిగిన కుటుంబ కలహంలో రెండుసార్లు ట్యూటనిక్ సంఘం పంచన చేరాడు, 1384లో జెమైతియాను దానికి ధారపోస్తానని ఒప్పందం కూడా చేసుకున్నాడు. నాయకుడే అలా ఉన్నప్పుడు అడవి అంచున ఉండే ఒక వేటగాడు ఎవరికి దారి చెప్పకూడదో ఎలా నిర్ణయించుకోవాలి? అలాంటి పరిస్థితిలో కూడా అధికసంఖ్యాకులు చెప్పకుండా ఉన్నారంటే దానికి కారణం పైనుంచి వచ్చిన ఆజ్ఞ కాజాలదు.

ఇంగ్లండ్‌లోని ఈలీ కథలోనూ ఇదే కనిపిస్తుంది. 1071లో నార్మన్ రాజు విలియం చిత్తడి మధ్య ద్వీపంలా ఉన్న ఈలీలో తలదాచుకున్న తిరుగుబాటుదారులను ముట్టడించాడు. దుంగలతో వేయించిన దారి సైన్యం బరువుకు కుంగి మనుషులతో సహా మునిగిపోయిందని వృత్తాంతాలు చెబుతాయి. చివరికి తమ భూములు పోతాయన్న భయంతో అక్కడి మఠవాసులే రాజుతో రాజీపడి లోపలికి మార్గం సుగమం చేశారని కూడా అవే చెబుతాయి. చిత్తడి ఓడిపోలేదు. దానిలో ఉన్న మనుషుల మధ్య ఒప్పందం తెగిపోయింది.

ఇక్కడ నన్ను వెనక్కి లాగే సందేహం ఒకటుంది. ఊరి నమ్మకం, ఊరి రహస్యం అంటూ నేను ఆ ఊళ్ళను మరీ మంచిగా ఊహించుకుంటున్నానేమో. జెమైతియావాళ్ళూ పొరుగు ప్రాంతాల మీద పడి దోచుకున్నారు, మనుషులను బందీలుగా తెచ్చుకున్నారు. ఆ బందీలకు నీటి కింది దారి మరో రకంగా కనిపించి ఉంటుంది. తెలియనివాడు లోపలికి రాలేడు, తెలియనివాడు బయటికీ పోలేడు. రాళ్ళు మోసినవాళ్ళలో అలాంటివాళ్ళు కూడా ఉండి ఉంటే, "ఊరు" అన్న మాటను నేను ఇంత ధీమాగా వాడడం తగదు. అయినా ఆయుధం అన్న మాట ఈ సందేహాన్ని కూడా లేవనీయదు. దారిని మనుషుల ఏర్పాటుగా చూసినప్పుడే, ఎవరికి చెప్పారు, ఎవరికి చెప్పలేదు అన్న ప్రశ్న పుడుతుంది.

కొల్లేటికోట నుంచి చూస్తే

ఈ విషయం నాకు ఇంత దగ్గరగా తోచడానికి కొల్లేరు కారణం. కౌటిల్యుడు దుర్గాలను నాలుగు రకాలుగా విభజించి, నీటి నడుమ ద్వీపాన్నీ, పల్లపు నీరు చుట్టుముట్టిన మెరకనూ జలదుర్గాలన్నాడు. కొల్లేటికోట ఆ నిర్వచనానికి సరిగ్గా సరిపోతుంది. ఒడ్డె (ఒడిశా) రాజుల సేన ఆ కోటలో ఉండగా, శత్రువులు ఒడ్డున చిగురుకోటలో దిగి, లోపలికి పోయే మార్గం లేక, సరస్సు నీటిని సముద్రంలోకి దింపడానికి ఉప్పుటేరు తవ్వించారని అక్కడి జనశ్రుతి. చరిత్రగా దాన్ని నిరూపించడం కష్టం. నన్ను ఆకర్షించేది ఆ కథలోని తర్కం. ముట్టడించినవాడు రహస్య మార్గం కోసం వెతకలేదు. రక్షణ అంతా నీటిలో ఉందని గ్రహించి నీటినే తీసేయాలనుకున్నాడు.

ఒక వేసవిలో, నీరు బాగా తీసినప్పుడు, కొల్లేటి లంకల్లో ఒక పెద్దాయన వెంట కొంతదూరం నడిచాను. కొల్లేటి మత్స్యకారులైన వడ్డీల కుటుంబానికి చెందిన ఆయన పుట్టింది మొదలు చేపల వేటలోనే బతికాడు. కిక్కిస పొదల మధ్య నాకు అంతా ఒకే బురదగా కనబడుతోంది. "నేనెక్కడ కాలు పెడితే అక్కడే పెట్టండి బాబూ, పక్కన లోతు" అంటూ వెనక్కి చూడకుండా నడిచాడు. ఈ చోటు గట్టిదని మీకెలా తెలుసని అడిగితే, కిందటేడు పాత గట్టు తెగినచోట మట్టీ పెంకులూ పోశామనీ, తన చిన్నతనంలో వాళ్ళ నాన్న కూడా అక్కడే పోశాడనీ చెప్పాడు. దాన్ని ఆయన రహస్యమనుకోలేదు. అడిగిన ప్రతివాడికీ చెప్పవలసిన విషయమనీ అనుకోలేదు. నాతో వచ్చిన ఊరి కుర్రాడు, మిమ్మల్ని తీసుకొచ్చింది నేను కాబట్టి చూపించాడని తర్వాత నెమ్మదిగా చెప్పాడు. కూల్‌గ్రిందల గురించి ఎంత చదివినా దొరకని ఒక ముక్క నాకు ఆ మాటలో దొరికింది.

మళ్ళీ తడుపుతామంటున్నప్పుడు

సోవియట్ కాలంలో లిథువేనియా పొలాల్లో కాలువలు తవ్వి, భూమిలో గొట్టాలు పరిచి చిత్తడిని విస్తారంగా ఎండగట్టారు. ఉప్పుటేరు కథలో శత్రువు చేయించిన పనిని అక్కడ సొంత వ్యవసాయ ప్రణాళిక చేయించింది. నీరు పోయాక నీటి కింది దారికి అర్థం లేదు. నాగటి చాలు కింద అవి మళ్ళీ ఏరి పారేయవలసిన రాళ్ళే. ఇప్పుడు ఆ నీటిని తిరిగి తేవాలంటున్నారు. పోలండ్ 2024 మేలో 1,000 కోట్ల జ్లోతీలతో ప్రకటించిన ఈస్ట్ షీల్డ్ అనే సరిహద్దు రక్షణ పథకంలో చిత్తడి నేలల వంటి సహజ అవరోధాలకూ చోటుంది. ఈ ఆలోచనకు ఊపునిచ్చింది ఉక్రెయిన్ అనుభవం. 2022 ఫిబ్రవరి చివర్లో కొజరోవిచి దగ్గరి ఆనకట్టను తెగగొట్టి కీవ్ జలాశయపు నీటిని ఇర్పిన్ నది లోయలోకి వదలడంతో, రాజధాని వైపు వస్తున్న రష్యా సైన్యానికి ఆ దారి మూసుకుపోయింది.

పీట్ నేలలను తిరిగి తడపడాన్ని నేను మనసారా సమర్థిస్తాను. తడిసిన పీట్ తనలోని కర్బనాన్ని పట్టి ఉంచుతుంది, వరదను తనలోకి తీసుకుంటుంది, పక్షులకు చోటిస్తుంది. ట్యాంకులను కూడా ఆపుతుందంటే మంచిదే. నా భయమల్లా పథకాన్ని రచించేవాళ్ళు కూల్‌గ్రింద కథను ఆయుధం కథగానే చదివి ఉంటారేమోనని. అలా చదివితే వాళ్ళ పటంలో నీరు ఉంటుంది, బురద లోతు ఉంటుంది, శత్రువు రాగల దిక్కు ఉంటుంది, అక్కడ బతికేవాళ్ళు మాత్రం ఉండరు. ఇర్పిన్ లోయలోని దెమిదివ్ గ్రామం ఆ నీటిలోనే మునిగింది. సైన్యం వెనక్కి పోయిన తర్వాత కూడా నెలల తరబడి ఇళ్ళలో, నేలమాళిగల్లో నీరు నిలిచింది. దేశాన్ని కాపాడినందుకు ఇది భరిస్తామని చెప్పినవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారు, ఎన్నాళ్ళని అడిగినవాళ్ళూ ఉన్నారు. యుద్ధం ముంచుకొచ్చిన రాత్రి ఎవరినీ అడిగే వ్యవధి ఉండదు. శాంతికాలంలో, పదేళ్ళ ప్రణాళికగా చేసే పనిలో అడగకపోవడానికి ఏ సాకూ లేదు.

ఆచరణలో నేను కోరేది పెద్దదేమీ కాదు. ఏ గేటు ఎత్తితే ఏ పొలం ఎన్ని రోజుల్లో మునుగుతుందో ఆ పొలం రైతుకు ముందే తెలియాలి. తడి నేలలో పండే రెల్లు, నాచు వంటి పంటలకు అతడికి ధర దొరకాలి, లేకపోతే రెండో ఏడాదే కాలువలు మళ్ళీ తెరుచుకుంటాయి. పశువులకు, పడవలకు, జబ్బుపడినవాళ్ళను తీసుకుపోవడానికి ఏ దారులు మిగలాలో ఆ ఊళ్ళవాళ్ళు చెప్పినట్టు గుర్తించి, వాటి మరమ్మతును వాళ్ళ చేతికే ఇవ్వాలి. అలా ఇచ్చిన దారులను సైనిక రహస్యమంటూ కంచె వేసి మూసేస్తే, మా మేనమామ చెప్పిన కాపలా కళ్ళను పథకం తన చేతులతోనే పోగొట్టుకున్నట్టవుతుంది. ఈ చివరి మాటను ఆయనకు చెప్పినప్పుడు, ఇన్నిసార్లు వాదించుకున్న తర్వాత మొదటిసారి, "దీన్ని రాసి పెట్టు" అన్నారు.